గోడ మీది వాగ్దానాలు

పోయిన వారం డయానాని చల్లారిపోయిన టీ గ్లాసు ముందు వదిలేసి వచ్చాం. ఆ గ్లాసు అక్కడే ఉంది. ఆమె కూడా అక్కడే ఉంది, వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక, చర్చి కాంపౌండ్‌లోని పుట్టింట్లో, ముందుగది బల్ల దగ్గర లాప్‌టాప్ తెరుచుకుని. బయట తోపుడు బళ్ళ మీద బస్తాలు పోతున్నాయి, ఆటోలు హారన్లు కొట్టుకుంటున్నాయి, ఊరికేం పట్టింది! సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి కమిటీ కూర్చుంటుంది. వచ్చిన సాక్ష్యాన్ని కమిటీ ఒప్పుకుందంటే కాగితాలు తిన్నగా పోలీసులకి పోతాయి. ఆమె తండ్రి అబ్రహాము ఈ రాత్రి ఇంట్లో పడుకోడు.

అబ్రహాము ఆ ఆసుపత్రిలో మందుల స్టోరు చూస్తాడు. వరద తీశాక కొన్నాళ్ళకి సుస్మిత అనే కొండపల్లి అమ్మాయి అక్కడ కాన్పుకొచ్చింది. మగబిడ్డని కంది. రక్తం ఆగలేదు. ఆపడానికి ఇంజెక్షన్ ఇచ్చారు, మళ్ళీ ఇచ్చారు, అయినా ఆగలేదు, అమ్మాయి నర్సుల చేతుల్లోనే పోయింది. ఆ ఇంజెక్షన్ ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఎండకి వెచ్చబడితే ఇక నీళ్ళతో సమానం. ‘వరదలో కరెంటు పోయి స్టోరు ఫ్రిజ్ ఆగిపోయింది, ఆ పాడైన మందునే అబ్రహాముగారు వార్డుకి పంపారు, ఇది నాకు రూఢిగా తెలుసు’ అని ఒక సాక్ష్యం వచ్చింది. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. తెర వెనకనుంచి వచ్చింది.

ఆ తెర ఒక కంప్యూటర్ ప్రోగ్రాం. దాన్ని కట్టిందేమో డయానా! గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని, దత్తాత్రేయగారనే లెక్కల మేష్టారితో కలిసి, రాత్రనక పగలనక కూర్చుని కట్టింది. ఆసుపత్రుల్లో తప్పు జరిగితే చూసినవాళ్ళు నోరు విప్పలేరు, విప్పితే ఉద్యోగం పోతుంది. పేరు చెప్పకుండా రాసిపడేస్తే ఎవడో గిట్టనివాడు రాశాడంటారు. డయానా తెర ఈ రెండింటికీ మధ్య దారి. మాట్లాడింది ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఒకరని అది రుజువు చేస్తుంది. ఎవరన్నది మాత్రం చచ్చినా చెప్పదు.

“అదెలా కుదురుతుందమ్మా?” అని అప్పట్లో అబ్రహాము అడిగాడు.

“మన చర్చిలో కానుకల పెట్టె ఉందా నాన్నా? దాని తాళంచెవి నీ దగ్గరుందని నాకు నమ్మకం కలగాలి, కానీ చెవి నువ్వు నాకు చూపించకూడదు. నేనేం చేస్తానంటే, పెట్టె కంతలోంచి నా గాజు లోపల పడేసి బయటికెళ్ళి నుంచుంటా. నువ్వు ఆ గాజు తెచ్చి నా చేతిలో పెట్టావనుకో, ఇంకేం కావాలి? చెవి నేను చూడనే లేదు, అయినా ఉందని తెలిసిపోలా?”

అబ్రహాము పకపకా నవ్వి, “నా కూతురు చర్చి పెట్టెనే కంప్యూటర్ చేసేసింది” అని కాంపౌండ్ అంతా చెప్పుకున్నాడు. ఆ రుజువులు జిల్లాలోని మిషన్ ఆసుపత్రులన్నిటి కంప్యూటర్లలో ఒకేసారి పడతాయనీ, ప్రతి కంప్యూటరూ దేనికది సరిచూసుకున్నాకే ఒప్పుకుంటుందనీ, ఒకచోట ఎవరైనా చెరిపినా మిగతావి ఊరుకోవనీ, దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారనీ కూడా ఆయనే అందరికీ చెప్పేవాడు. ఇప్పుడదే ఆయన మెడకి చుట్టుకుంది.

సాక్ష్యం వచ్చినప్పటినుంచీ డయానాకి కంటిమీద కునుకు లేదు. తండ్రి “నాకేం తెలీదమ్మా” అంటాడు. వరద రోజుల్లో పడవ వేసుకుని తిరిగి, ముసలివాళ్ళనీ పసిపిల్లల్నీ భుజాన మోసుకొచ్చిన మనిషి ఆయన. చర్చిలో శాలువా కప్పారు. ఆ మనిషి అబద్ధమాడతాడా? తెర మాత్రం, సాక్ష్యం చెప్పింది లోపలివాళ్ళేనంటుంది. తండ్రిని నమ్మితే తెర తప్పు, తెరని నమ్మితే తండ్రి తప్పు. ఎటు తిరిగినా తన గుండెకే తగులుతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక కృపానందం అయ్యగారు వచ్చారు. ఆ చర్చి పాస్టరు ఆయన. కమిటీకి వెళ్ళేముందు ప్రార్థన చేద్దామని వచ్చారు.

“వందనాలు అయ్యగారూ” అని అబ్రహాము లేచి నుంచున్నాడు. ఆయన భార్య సంపూర్ణమ్మ వంటింటి గుమ్మంలో నెత్తిన కొంగేసుకుని నిలబడింది. అదే ఆసుపత్రిలో కాన్పుల వార్డు హెడ్ నర్సు ఆమె. ఈ గొడవ మొదలైనప్పటినుంచీ మనిషి మాటే మానేసింది. భర్త కోసం కుమిలిపోతోందని అందరూ అనుకుంటున్నారు.

ప్రార్థన అయ్యింది. ఆమెన్ అన్నాక కూడా అయ్యగారు వెంటనే కుర్చీలోంచి లేవలేదు. ఎదురుగోడ మీద వాగ్దానం కార్డులు వరసగా ఫ్రేములు కట్టి ఉన్నాయి. కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్ళెంలోంచి తలా ఒక కార్డు తీసుకుంటారు కదా, ఆ ఏడాదంతా ఆ వాక్యమే వాళ్ళ వాగ్దానం. అబ్రహాముకి వచ్చింది అబ్రహాము ఫ్రేములో, సంపూర్ణమ్మకి వచ్చింది సంపూర్ణమ్మ ఫ్రేములో. అయ్యగారు వాటినే చూస్తూ మెల్లిగా అన్నారు.

“భయపడకు తల్లీ. నీ తెర దేవుడి మాట మీదే నిలబడింది. ఆ రోజు నువ్వు మమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఎవరికీ తెలియని పెద్ద వాక్యం ఒకటి కొట్టండి అన్నావు చూడూ, నాకు చెమటలు పట్టాయనుకో. ఒక్క మాట తోచలా. ఇంక మనవల్ల కాదులే అని నా వాగ్దానం కొట్టేశా. మంచి పనికి అంతకన్నా పునాది ఏం కావాలి?”

డయానాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చూపు గోడ మీది ఫ్రేముల మీదికి పోయింది.

తెర మొదలుపెట్టేముందు ఒక తంతు ఉంటుంది. కొందరు నమ్మకస్తులు, ఒకరిది ఒకరికి తెలియకుండా, తలా ఒక రహస్య వాక్యం కొట్టాలి. ఆ వాక్యాలన్నీ కలిసి తెరకి పునాది అవుతాయి. తర్వాత వాటిని ఎక్కడా దాచుకోకూడదు, మరిచిపోవాలి. అందులో ఒక్కటైనా లోకానికి తెలియకుండా ఉన్నంతకాలం ఢోకా లేదు. అన్నీ తెలిసిపోయాయా, తెలిసినవాడెవడైనా సరే, ఎవరూ చెప్పని సాక్ష్యానికి కూడా అచ్చమైన రుజువు పుట్టించేయగలడు. నిజానికి యంత్రం తనవంతుగా ఎవరికీ తెలియని కొన్ని అంకెలు కలపాలి. ఆ పని డయానా ఎగ్గొట్టింది. ముగ్గురు మనుషులు, మూడు వాక్యాలు, చాల్లే అనుకుంది. ఆసుపత్రిలో అందరూ నమ్మే ముగ్గురినీ ఏరికోరి పిలిచింది. అయ్యగారు, నాన్న, అమ్మ.

“నాన్నా” అంది. “నువ్వేం కొట్టావు?”

“నేనూ నా వాగ్దానమేనమ్మా” అన్నాడు అబ్రహాము, అందులో తప్పేముందన్నట్టు. “మరిచిపోవాలన్నావు గానీ, తప్పుల్లేకుండా కొట్టాలి కూడా అన్నావు కదా. నాకు తప్పుల్లేకుండా వచ్చేది అదొక్కటే.”

“అమ్మా, నువ్వు?”

సంపూర్ణమ్మ తనదీ అంతేనన్నట్టు గుమ్మంలోంచి తలూపింది.

దేవుడా! రహస్యం అంటే వీళ్ళకి పవిత్రమైనది అని వినబడింది కాబోలు. ఆ వాగ్దానాలు రహస్యమా? కొత్త సంవత్సరం రాత్రి ఒక్కొక్కరూ మైకు ముందుకొచ్చి పైకి చదువుతారు. తెల్లారేసరికి వాట్సాప్‌లో పెట్టుకుంటారు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ గోడ మీద కనిపిస్తాయి. పాలవాడికి కూడా తెలుసు!

డయానా గబగబా లాప్‌టాప్ ముందుకి లాక్కుంది. ప్రయోగాల కోసం తెరకి ఒక నకలు పెట్టుకున్నారు వాళ్ళు, అది తెరిచింది. అయ్యగారి వాగ్దానం ఆయన్నే అడిగింది. మిగతా రెండూ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది, తలెత్తి గోడ చూసి కొట్టింది. తర్వాత ఒక అడ్డగోలు సాక్ష్యం రాసింది. ‘నిన్న ఆపరేషన్ థియేటర్లో ఏనుగు తిరిగింది, నేను చూశాను.’ రాసి, దానికి రుజువు పుట్టించి, వదిలింది.

యంత్రాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి సరిచూసుకున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి పచ్చ టిక్కు పెట్టాయి. డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఒకరు ఏనుగును చూశారని నకలులోని ఆసుపత్రులన్నీ ఒప్పేసుకున్నాయి.

తను కట్టుకున్నది కళ్ళ ముందే కూలిపోతుంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. డయానాకి మాత్రం ఏడుపుతోపాటు నవ్వు కూడా వచ్చింది. రెండు చేతుల్తో మొహం కప్పుకుని, “నాన్నా, అది దొంగ సాక్ష్యం. ఎవడో నీ మీద అల్లాడు నాన్నా” అంది.

అబ్రహాము కుర్చీలో కూలబడ్డాడు. అన్నాళ్ళూ బిగపట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అయ్యగారు “స్తోత్రం, స్తోత్రం” అంటూ ఆయన వీపు నిమిరారు. సంపూర్ణమ్మ మాత్రం ముందుకు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డయానా దత్తాత్రేయగారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నారు.

“ఈ చిల్లు నా కంటిక్కూడా పడలేదే అమ్మా” అన్నారు. “ఏం చేద్దామంటావు?”

“కమిటీకి చెప్పేద్దామండీ. తెరకి చిల్లు పడిందని, ఏ రుజువూ చెల్లదని రిపోర్టు రాసేయండి. ఏనుగు సంగతి కూడా పెట్టండి. నాలుగింటి లోపల పంపిద్దాం.”

“రాస్తా. రాయక తప్పదు. కానీ ఒక్క మాట విను. ఇది బయటపెడితే మీ నాన్నగారి మీది సాక్ష్యం ఒక్కటే పోదు, తెరలోంచి వచ్చినవన్నీ పోతాయి. ఆ దుర్గాప్రసాద్ సంగతి కూడా ఆలోచించు.”

దుర్గాప్రసాద్ ఆ ఆసుపత్రి మేనేజరు. ట్రైనీ నర్సుల్ని గదిలోకి పిలిచి ఏడిపించేవాడు. ఒక పిల్ల తెర వెనకనుంచి చెప్పబట్టే వాడి ఉద్యోగం ఊడింది. తెర పోతే వాడు రేపే తిరిగొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు.

“ఆ పిల్లని బయటికొచ్చి చెప్పమందాం...” అంటూనే డయానా ఆగిపోయింది.

“ఎవరిని అడుగుతావమ్మా? ఆ పిల్లెవరో మనకి తెలీదు కదా. తెలియకుండా కట్టింది మనమే.”

డయానా కళ్ళు గట్టిగా మూసుకుంది. “ముందు మా నాన్నని బయటపడెయ్యనివ్వండి సార్. తర్వాత ఏదో ఒకటి చేద్దాం. మీకు దణ్ణం పెడతా.”

“సరే. ఇంకొక్క ముక్క, కోప్పడకు. ఆ సాక్ష్యం దొంగది కావచ్చు అని మాత్రమే మనకి తేలింది. దొంగదే అని తేల్లేదు.”

“ఆయన మా నాన్నండీ!” అని అరిచి ఫోన్ పెట్టేసింది.

అరిచినందుకు సిగ్గేసింది, కానీ ఆ మాట వినే ఓపిక ఆ పూట ఆమెకి లేదు. మనకి మాత్రం ఉంటుందా, మన ఇంటి మీదకే వస్తే?

ఇంట్లోకి ప్రాణం వచ్చింది. అబ్రహాము మొహం కడుక్కుని వచ్చాడు, చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకున్నాడు. అయ్యగారు ఆటో మాట్లాడడానికి వీధిలోకి వెళ్ళారు. “సంపూర్ణా, నా తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యి” అని అబ్రహాము కేకేశాడు. ఆ గొంతులో పాత అబ్రహాము వినబడ్డాడు. డయానాకి తెర పోయిన బాధ కూడా కాసేపు గుర్తుకు రాలేదు.

లోపలి గదిలో బల్ల మీద దుప్పటి పరిచి సంపూర్ణమ్మ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. డయానా మంచినీళ్ళ కోసం అటు వెళ్తే, తలెత్తకుండానే అడిగింది.

“కమిటీకి పంపేశావా?”

“లేదమ్మా. సార్ రాస్తున్నారు. ఆటోలో వెళ్తూ పంపేస్తాం.”

“పంపకు.”

“ఏంటీ?”

“పంపకు అంటున్నా. ఆ తెర పడగొట్టకు అమ్మడూ.”

“నీకేమైనా మతి పోయిందా అమ్మా? పంపకపోతే నాన్న జైలుకి పోతాడు!”

“తెలుసు” అంది సంపూర్ణమ్మ. ఇస్త్రీ పెట్టె కాలరు మీద నెమ్మదిగా నడుస్తోంది. “ఆ ట్రైనీ పిల్లల మొహాలు నేను రోజూ చూస్తా. ఆ దుర్గాప్రసాద్ గది దాటాల్సొస్తే గోడ పట్టుకుని నడిచేవాళ్ళు. ఇప్పుడిప్పుడే నవ్వుతున్నారు.”

“వాళ్ళ కోసం నాన్నని బలి పెడదామంటావా? చెయ్యని తప్పుకి? అది దొంగ సాక్ష్యం అని ఇంతసేపూ...”

“దొంగది కాదు.”

“నీకెలా తెలుసు?”

సంపూర్ణమ్మ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. వంగి ప్లగ్గు పీకింది. అప్పుడు కూతురి వైపు చూసింది, ఎన్నాళ్ళ తర్వాతో.

“చెప్పింది నేనే కనక.”

డయానా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“ఆ సుస్మిత చెయ్యి నా చేతిలోనే ఉందే” అంది సంపూర్ణమ్మ. గొంతు ఎక్కడా పెరగలేదు. “నా బాబు ఏడుస్తున్నాడా మేడమ్ అని అడిగింది. ఏడుస్తున్నాడమ్మా, వినబడుతోందిగా అన్నా. ఇంకో ఇంజెక్షన్ చేశా. కింద దుప్పటి తడిసిపోతోంది. ఇరవై ఏళ్ళుగా ఆ మందు ఇస్తున్నాను, అది పనిచెయ్యకపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. పిల్ల పోయాక స్టోరుకి వెళ్ళా. కొత్త స్టాకు పైఅరలో సీలు తియ్యకుండా ఉంది. నేనిచ్చింది వరదకి ముందుది. అప్పుడు ఇంటికొచ్చి మీ నాన్నని అడిగా.”

“ఏమన్నాడు?”

“ముందు తెలీదన్నాడు. తర్వాత ఏడ్చాడు. పడవలో తిరిగిన రోజుల్లో స్టోరు సంగతే గుర్తు రాలేదట. మందులన్నీ ఐసు పెట్టెలోకి మార్చాల్సింది ఈయనే. తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ వేడెక్కి ఉంది. అది చెప్తే, శాలువా కప్పిన వాళ్ళంతా ఏమనుకుంటారని. పాతవి ముందు ఖర్చయిపోతే ఎవరికీ తెలీదని పంపేశాడు. పనిచేస్తుందేమో అనుకున్నాడట. అనుకున్నాడట!”

చొక్కా కాలరు మడత ఒకసారి వేలితో సరిచేసింది.

“తనే వెళ్ళి చెప్తాడని చూశాను. మీరే చెప్పండి, నేను పక్కనుంటా అన్నా. రేపు, ఎల్లుండి అన్నాడు. ఇంకా ఆ మందు అరలో ఉందే! ఇంకో పిల్ల వస్తే? ఆ అర ఖాళీ చేయించాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. నా మొగుడి మీద నేను నోరు తెరిచి నలుగురిలో చెప్పగలనా? నీ మొహం చూస్తూ చెప్పగలనా? నీ తెర ఉంది కదా. కట్టిన నాక్కూడా తెలీదమ్మా అని నువ్వే అన్నావు. అందుకే ధైర్యం చేశా.”

డయానాకి ఏడుపు రాలేదు. వాగ్దానాలతో తెరని ఎవరైనా మోసం చేయగలరన్నది నిజం. ఈ ఒక్కసారి ఎవరూ మోసం చెయ్యలేదన్నదీ నిజమే. రిపోర్టులో ఒక్క అబద్ధం ఉండదు, దాంతోనే తండ్రి నిర్దోషిగా బయటికొస్తాడు. తల్లి చెప్పిన ఒకే ఒక నిజం చిత్తుకాగితమైపోతుంది.

డయానా ఫోన్ మోగింది. దత్తాత్రేయగారి మెసేజ్. రిపోర్టు సిద్ధంగా ఉంది, పంపమంటావా అని.

సంపూర్ణమ్మ చొక్కాని జాగ్రత్తగా మడిచి కూతురి చేతుల్లో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. “నాకు చేతనైంది నేను చేశా. ఇక నీ ఇష్టం. నువ్వేం చేసినా నేనేం అనను” అని గోడ వైపు తిరిగి నుంచుంది.

ముందుగదిలో అబ్రహాము అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. కూతుర్ని చూసి నవ్వాడు. చొక్కా తీసుకుని తొడుక్కుని, పైగుండీ పెట్టుకుంటూ అడిగాడు.

“ఏమంటోందే మీ అమ్మ? సంతోషంగా ఉందా?”

వీధిలో ఆటో వచ్చి ఆగింది. అయ్యగారు పిలుస్తున్నారు. డయానా ఫోన్ గట్టిగా పట్టుకుని తండ్రి కళ్ళలోకి చూసింది.

“నాన్నా, వరదప్పుడు స్టోరు తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

అబ్రహాము వేళ్ళు రెండో గుండీ మీద ఆగిపోయాయి.